నా చిత్తుప్రతిని దిద్దిన మనిషి

ఒక ఆదివారం ఉదయం టిఫిన్ చేసి ఫోన్ తెరిస్తే, నేను రాసుకున్న పేజీలో 'లారీ' అని ఉండాల్సిన చోట 'ట్రాక్టరు' అని ఉంది. ఆ మాట నేను రాయలేదు. లారీ అనే రాశానని నాకు బాగా గుర్తు. దాని వెనక ఇంకో చిన్న వాక్యం కూడా చేరి ఉంది: 'మేకను కూడా ఎక్కించారు.'

అప్పటికి ఐదు నెలలుగా ఆ పేజీ నా ఒక్కదానిదే అనుకుంటున్నాను. తాళం వేసిన బీరువా తెరిస్తే లోపల చీర మడత మారి ఉన్నట్టు అనిపించింది. భయం వేసిన మాట నిజమే కానీ, అంతకంటే ఎక్కువగా ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే మాకు నిజంగానే ఒక మేక ఉండేది. ఆ సంగతి నేను ఎక్కడా రాయలేదు.

నేను నరసరావుపేటలో ఒక కోర్టు ఆఫీసులో, నకళ్ళ సెక్షన్లో టైపిస్టుని. తీర్పులకీ వాంగ్మూలాలకీ నకళ్ళు కావాలని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి వాటిని తయారుచేసి ఇవ్వడం నా పని. రోజంతా ఊళ్ళ పేర్లు నా కళ్ళ ముందు తిరుగుతుంటాయి. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఈపూరు దగ్గర ఉన్న మా సొంత ఊరి పేరు కొట్టి వెతికాను. తెలుగు ఊళ్ళ గురించి ఎవరైనా రాయగలిగే సైటు ఒకటి కనపడింది. కొంతమంది స్వచ్ఛందంగా నడిపే సైటు అది. అందులో మా ఊరికి ఒక పేజీ ఉంది. పేజీలో రెండే వాక్యాలు. ఊరు ఏ మండలంలో ఉందో ఒకటి, ఏ పంటలు పండుతాయో ఒకటి. మా ఊరి గురించి చెప్పడానికి ఇంతేనా అని మనసు చివుక్కుమంది. ఒక మారుపేరు పెట్టుకుని సభ్యురాలిగా చేరాను.

చేరినవాళ్ళకి తలా ఒక చిత్తు పేజీ ఇస్తారు. ముందు అందులో రాసుకుని, బాగుందనుకున్నాక ఊరి పేజీలోకి మార్చుకోవచ్చు. ఆ పేజీ కింద 'భద్రపరచు' అని ఒక మీట ఉంటుంది. భద్రం అనే మాట నన్ను మోసం చేసింది. భద్రపరచడమంటే బ్యాంకు లాకర్లో పెట్టినట్టు నా కోసం దాచిపెట్టడమని అనుకున్నాను. నలుగురికీ చూపించాలంటే 'ప్రచురించు' అనే ఇంకో మీట ఎక్కడో ఉంటుందిలే అనుకున్నాను.

మొదట బడి గురించి, మిరప కల్లాల గురించి, నాపరాళ్ళ గోడల గురించి రాశాను. రాస్తూ రాస్తూ మేము ఊరు వదిలిన రోజు దగ్గరికి వచ్చాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పొద్దున్నే మా ఎదురింటాయన మా వాకిట్లో నిలబడి నాన్న మీద కేకలు వేస్తున్నాడు. నాన్న తల వంచుకుని ఉన్నాడు. మధ్యాహ్నానికి మా సామానంతా బండికెక్కింది. సాయంత్రానికి నరసరావుపేటలో ఒక అద్దె గదిలో ఉన్నాం. నా చదువు కోసం వచ్చామని నాకు చెప్పారు. నేను నమ్మలేదు. ఆ ఎదురింటాయనే మమ్మల్ని వెళ్ళగొట్టాడని నాకు నేనే తేల్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత చిత్తు పేజీలో అలాగే రాశాను. 'మమ్మల్ని ఊరి నుంచి తరిమింది వీళ్ళే' అని, ఆ ఇంటివాళ్ళ ఇంటిపేరుతో సహా. అది ఊరి పేజీలో పెట్టడానికి కాదు. తర్వాత కొట్టేద్దామనుకుంటూ ఉంచేశాను.

ఎవరో దిద్దారని తెలిసిన ఆదివారం నాడు పేజీ అంతా వెతికాను. పైన 'చరిత్ర' అని ఒక మాట ఉంది. అది మొదటి రోజు నుంచీ నా కళ్ళ ముందే ఉంది. ఊరి చరిత్ర రాయాల్సిన చోటు కాబోలనుకుని, చివర్లో రాద్దామని దాని జోలికి పోలేదు. ఇప్పుడు నొక్కాను. ఊరి చరిత్ర కాదు, నా రాత చరిత్ర. నేను భద్రపరచిన ప్రతిసారీ ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్నది వరసగా ఉంది. అరవై పైచిలుకు వరసలు. దేని మీద నొక్కితే ఆ రోజు పేజీ ఎలా ఉందో అలాగే తెరుచుకుంటోంది. కొన్ని పనిరోజుల్లో పదకొండున్నరకి రాసినవి కూడా ఉన్నాయి. మా సూపరింటెండెంటు గారు చూస్తే నా సంగతి ఏమయ్యేదో.

సిగ్గుపడుతూనే అవన్నీ చదువుతూ కూర్చున్నాను. మనం కొట్టేసింది మళ్ళీ మనకే కనపడటం వింతగా ఉంటుంది. ఊరు వదిలిన రోజు గురించి మొదటిసారి రాసిన దాంట్లో నాన్న 'భయపడి ఊరు వదిలాడు' అని రాశాను. నాలుగు రోజుల తర్వాత 'భయపడి' తీసేశాను. తర్వాత 'మౌనంగా' అని చేర్చాను. ఒక బుధవారం నాడు మళ్ళీ 'భయపడి' పెట్టాను. ఇన్నిసార్లు ఆ మాట దగ్గర ఆగానని నాకే గుర్తులేదు.

అన్నిటికంటే పైన ఉన్న వరసలో మాత్రం నా మారుపేరు లేదు. దిద్దిన మనిషి మారుపేరు ఉంది: ఊరి పేరులోని ఒక ముక్క, దాని పక్కన నాలుగంకెలు.

సైటులో సాయం అడిగే చోట రాస్తే, దాన్ని చూసుకునే నిర్వాహకుల్లో ఒకాయన జవాబిచ్చాడు. రాతల్లో నాకు అర్థం కావడం లేదని గ్రహించి, మర్నాడు ఫోన్లో మాట్లాడాడు. చాలా ఓపిక గల మనిషి.

"మేడం, ఇక్కడ ఎవరికీ సొంత గది ఉండదండి. చిత్తు పేజీ అంటే చిత్తుగా రాసుకునే పేజీ, దాచుకునే పేజీ కాదు. మీరు నొక్కిన మరుక్షణం అది అందరిదీ."

మరి రాసి, నొక్కకుండా వదిలేసిన సంగతేమిటని అడిగాను. అది తమ దగ్గరికి రాదని, ఉంటే గింటే నా ఫోన్లోనే ఉంటుందని చెప్పాడు. నొక్కిన ప్రతిసారీ పేజీ మొత్తానికి ఒక నకలు తయారై ఉండిపోతుందట. ఎవరైనా వచ్చి పాడుచేస్తే వెనకటిదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఆ ఏర్పాటు. నకళ్ళ పనిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు అడగాలనిపించే ప్రశ్నలు ఆగలేదు. ఎన్నాళ్ళుంచుతారు, ఎక్కడుంచుతారు, ఎవరు తీస్తారు? మా ఆఫీసులో చిత్తు కాగితాలు ఏరోజువి ఆరోజు చింపేస్తాం. పాత కట్టలకి కూడా గడువుంటుంది. గడువు దాటితే లిస్టు రాసి, అనుమతి తీసుకుని, తగలబెట్టేస్తారు. ఇక్కడ గడువనేదే లేదని ఆయన చెప్పాడు.

నా పేజీని దిద్దిందెవరో చెప్పమన్నాను. చెప్పనన్నాడు. మీ గురించి ఆయన వచ్చి అడిగినా మేం చెప్పం కదండీ అన్నాడు. ఆ మాట నాకు ఒకవైపు నచ్చింది, ఇంకోవైపు నిరాశగా ఉంది. కావాలంటే నా పేజీ పక్కనే ఉన్న చర్చ పేజీలో నేరుగా ఆ మనిషినే అడగమని సలహా ఇచ్చాడు.

'మీరెవరు? ట్రాక్టరని మీకెలా తెలుసు?' అని రాశాను. ఈసారి నొక్కేముందు, ఇది కూడా అందరికీ కనపడేదే కదా అని రెండుసార్లు చదువుకున్నాను.

ఎనిమిది రోజులు జవాబు లేదు. బస్సులో, ఆఫీసులో, వంట చేస్తూ, వీలైనప్పుడల్లా తెరిచి చూసేదాన్ని. తొమ్మిదో రోజున వచ్చింది. ఫోన్లోకి మాట్లాడితే అదే టైపు చేసుకున్నట్టుంది, ఎక్కడా చుక్కా కామా లేవు.

'ఆ రోజు ట్రాక్టరు తోలింది నేనే అమ్మా లారీ మన సందులోకి యాడ వస్తది మేక దూకబోతే మీ అమ్మ కొమ్ములు పట్టుకుని కూర్చుంది ట్రాక్టరు మీ ఎదురింటాయనది ఆయనే నన్ను పంపిచ్చాడు'

చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. మమ్మల్ని తరిమాడని నేను రాసిన మనిషే తన ట్రాక్టరిచ్చి పంపించాడట. ఆ జవాబుకి నేనేమీ రాయలేదు. ముందు అమ్మని అడగాలనిపించింది.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆ సాయంత్రం వంటింటి గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మేము ఊరి నుంచి లారీలో వచ్చామా, ట్రాక్టరులో వచ్చామా అని అడిగాను.

"ట్రాక్టరే. ఏందే, ఇప్పుడెందుకు?"

ఎవరు పంపారని అడిగాను. అమ్మ చింతపండు పక్కన పెట్టింది. చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకున్నాయట. ఒకడి తల పగిలింది. నాన్న దారిన పోతూ అంతా చూశాడు. రెండు వర్గాలవాళ్ళూ ఇంటికొచ్చి తమ తరఫున సాక్ష్యం చెప్పమన్నారు. ఎటు చెప్పినా రెండోవాళ్ళు ఊరుకోరు. ఎదురింటాయన ఎటూ లేని మనిషి. ఆయన ఆ పొద్దున్నే వచ్చి, ఊరు వదిలి పొమ్మని నాన్నని బతిమాలాడు.

"మీ నాన్న పోనని మొండికేశాడు. అందుకే ఆయన అంత పెద్దగా అరిచింది," అంది అమ్మ. "నీకు చెప్పొద్దన్నాడు మీ నాన్న. సాచ్చెం చెప్పలేక పారిపోయొచ్చాడని నా కూతురు అనుకోకూడదు అన్నాడు."

నాన్న పోయి ఆరేళ్ళయింది. నాకు కోర్టులో ఉద్యోగం వచ్చినప్పుడు వీధి వీధంతా మిఠాయి పంచాడు. కానీ బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆ కాంపౌండులో అడుగుపెట్టలేదు. వానరోజుల్లో గొడుగు ఇవ్వడానికి వచ్చినా గేటు బయటే నిలబడి కబురు పెట్టేవాడు. మొహమాటం అనుకునేదాన్ని.

నేను రాసిన సంగతి అమ్మకి చెప్పక తప్పలేదు.

"పేరు పెట్టి రాశావా?"

"ఇంటిపేరు రాశానమ్మా."

"తుడిచెయ్యి."

"తుడిచినా పాతది లోపల ఉంటదంటమ్మా."

అమ్మ నా మొహంలోకి చూసింది. "తుడిస్తే పోని రాతేందే అది?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నాకు తెలిసినంతవరకు చెప్పాను. పెద్దగా ఉపయోగం లేకపోయింది.

మర్నాడు ఆ వాక్యం తీసేసి నిర్వాహకుడికి మళ్ళీ ఫోన్ చేశాను. పాత ప్రతుల్ని జనానికి కనపడకుండా మరుగుచేసే వీలుందని చెప్పాడు. అయితే ఏయే ప్రతుల్లో ఆ వాక్యం ఉందో నన్నే వెతికి పట్టీ రాసిమ్మన్నాడు. రెండు మధ్యాహ్నాలు అదే పని చేశాను. నేను చేసిన తప్పుకి నేనే నకళ్ళ దరఖాస్తు నింపుతున్నట్టుంది. మొత్తం నలభై మూడు ప్రతుల్లో ఆ ఇంటిపేరుంది. ఆయన అవన్నీ మరుగుచేశాడు. వరసల మీద అడ్డగీత పడింది, నొక్కితే తెరుచుకోవడం లేదు. పూర్తిగా పోయినట్టేనా అని అడిగితే, పోలేదని, తనలాంటి ముగ్గురు నిర్వాహకులకి మాత్రం కనపడుతుందని నిజం చెప్పాడు. ఈలోగా ఎవరైనా నకలు తీసుకుని ఉంటే దానికి తాము చేయగలిగింది లేదని కూడా చెప్పాడు. తర్వాత కొన్నాళ్ళపాటు ఆ ఇంటిపేరు, ఊరి పేరు కలిపి కొట్టి వెతికేదాన్ని. మొదట్లో నా వాక్యంలో సగం ముక్క వెతుకులాట ఫలితాల్లో కనపడేది. మూడు వారాలకి అది కూడా పోయింది.

ట్రాక్టరు తోలినాయనకి అప్పుడు జవాబు రాశాను. ఆయన నాదెండ్లలో కూతురింట్లో ఉంటున్నానని చెప్పాడు. ఫోన్ నంబరు అక్కడే రాస్తానంటే వద్దని ఆపి, నిర్వాహకుడి సాయంతో విడిగా తీసుకున్నాను. ఒక రెండో శనివారం బస్సెక్కి వెళ్ళాను.

డెబ్భై దాటిన మనిషి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఇల్లు కదలడం లేదు. మంచం మీద దిండుకి ఆనించి ఒక ట్యాబు ఉంది. కూతురు తెచ్చిపెట్టిందట. ఆయన దాంట్లో ఊళ్ళ పేజీలు తెరిచి దూరాలు దిద్దుతుంటాడు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, ఏ వాగు పొంగితే ఏ దారి మూసుకుపోతుంది, ఏ చప్టా కూలిపోయింది. నలభై ఏళ్ళు బండి తోలిన లెక్క అది. మన ఊరి పేరు ట్యాబుతో పలికితే నా చిత్తు పేజీ కూడా వచ్చిందని, చదివితే మా ఇల్లని తెలిసిపోయిందని చెప్పాడు.

కాఫీ తాగాక, నన్ను అన్నిటికంటే ఎక్కువగా తొలుస్తున్న ప్రశ్న అడిగాను. ఎదురింటాయన మీద నేను రాసింది తప్పని ఈయనకి తెలుసు. లారీని దిద్దినవాడు దాన్నెందుకు దిద్దలేదు?

"బండి తోలినోణ్ణి, బండి సంగతి దిద్దా," అన్నాడు. "మీ నాన్న సంగతి నేను దిద్దకూడదు గదమ్మా. అది మీ అమ్మ చెప్పాల్సింది."

ఎవరికైనా చూపించారా అని భయపడుతూ అడిగాను. చూపించలేదన్నాడు. నేను మారుస్తానేమోనని అప్పుడప్పుడూ తెరిచి చూసేవాణ్ణని చెప్పి, ట్యాబు మీద వేలు పెట్టాడు.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోమాక. 'భయపడి' అన్న మాట పెట్టావు, తీశావు, మళ్ళా పెట్టావు. ఎందుకట్టా?"

ఎవరూ చూడటం లేదనుకుని నేను తటపటాయించిన తటపటాయింపులన్నీ ఈయన నాదెండ్లలో మంచం మీద కూర్చుని చదివాడు. కోపం రావాలి నిజానికి. రాలేదు. నాన్న గురించి నేను పడ్డ ఆ అవస్థ ఇంకో మనిషికి కూడా తెలుసునన్నది ఎందుకో ఊరటగా అనిపించింది. "తెలియక పెట్టాను బాబాయ్" అన్నాను. ఆయన తలూపి, తన చిత్తు పేజీ తెరిచి చూపించాడు. అందులో ఆయన తిరిగిన దారులన్నీ రాసి ఉన్నాయి. ఇది అందరికీ కనపడుతుందని తెలుసా అంటే, తెలుసు, ఎవరన్నా దిద్దుతారనే తెరిచిపెట్టానన్నాడు.

ఎదురింటాయన ఇప్పుడు లేడు, ఆయన భార్య ఉంది. వెళ్ళి చెప్పి రావాలని అమ్మ పట్టుబట్టింది. పేరు మరుగుచేశారు కదా, ఆమెకి తెలిసే అవకాశం లేదు కదా అన్నాను. ఆమెకి తెలియకపోతే మనకి తెలుసుగా అంది అమ్మ. తర్వాతి ఆదివారం ఇద్దరం బయల్దేరాం. ఈపూరులో బస్సు దిగి ఆటో ఎక్కాం.

ఆమె అమ్మని వెంటనే గుర్తుపట్టింది. చాలాసేపు ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. అమ్మే విషయం ఎత్తింది. మా పిల్ల మీ ఆయన మీద తప్పు రాత రాసింది, తీసేసింది, చెప్పడానికొచ్చాం అంది. ఆమె మొహంలో నొప్పి కనపడుతుందేమోనని చూస్తున్నాను. ఆమె ముందుకు వంగి, "ఏం రాశావే?" అని అడిగింది.

రాసింది ఉన్నదున్నట్టు చెప్పాను. అంతకుముందు ఎవరి ముందూ దాన్ని నోటితో పలకలేదు. పలుకుతుంటే ఎంత తప్పో ఇంకా బాగా తెలిసింది. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని నవ్వింది. ఆయన గొంతు అట్టాంటిదేనని, పెళ్ళిచూపుల్లో మంచినీళ్ళడిగితేనే పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారని చెప్పింది. ఇప్పుడేం రాస్తావని అడిగింది. ఈసారి నోటుపుస్తకంలో రాసుకెళ్ళాను, చదివి వినిపించాను.

"ఎదురింటాయన మా నాన్నని పొమ్మని కేకలేసి, తన ట్రాక్టరిచ్చి పంపాడు. ఆయన వల్లే మేము చల్లగా ఉన్నాం."

"కేకలేసింది ఉంచు," అంది.

"పేరు పెట్టనా పెద్దమ్మా?"

ఆమె ఆలోచించింది. కొడుకులున్నారు, మనవలున్నారు, ఆ రెండు వర్గాలవాళ్ళూ ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. "పేరొద్దులే," అంది. "ఊళ్ళోవాళ్ళకి తెలుసు. బయటోళ్ళకి కేకలు తెలిస్తే చాలు."

భోజనం పెట్టి, ఒక సంచిలో ఎండుమిరపకాయలు పోసిచ్చింది. తిరుగుబస్సులో నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఫోన్ తీసి ఆ రెండు వాక్యాలూ ఎక్కించాను. అమ్మ ఇటు తిరిగి, ఆ ఊళ్ళో తను కొత్త కోడలిగా దిగిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో నేనడగకుండా అమ్మ ఆ ఊరి మాట ఎత్తడం అదే మొదటిసారి. అత్తగారు, పాడి, బావి దగ్గర తగువులు, నాన్న కొన్న మొదటి రేడియో. ఫోన్ సంచిలో పడేసి వింటూ కూర్చున్నాను. అవి రాయాలో వద్దో నేనింకా అనుకోలేదు.